జామాయిల్ కింది కొమ్మలు ఎంతవరకు కొట్టొచ్చు? ఎదుగుదల తగ్గకూడదు

సత్తుపల్లి_రైతు
శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాకు మూడెకరాల జామాయిల్ (యూకలిప్టస్) తోట ఉంది. క్లోన్ మొక్కలు, 3 మీటర్లు × 2 మీటర్ల దూరంలో వేశాం. ఇప్పుడు ఏడాదిన్నర దాటింది, చెట్లు దాదాపు 20 అడుగులు లేచాయి. నేల నుంచి మూడడుగుల దాకా కొమ్మలు ఎండి రాలిపోయాయి, ఆ పైనంతా పచ్చగానే ఉంది. వరసల మధ్య కొమ్మలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

పక్క తోటవాళ్లు కూలీలను పెట్టి 15 అడుగుల దాకా మొత్తం నరికించేశారు. పైన ఐదడుగుల కుచ్చు మాత్రమే మిగిలింది. "కింది కొమ్మలు తీసేస్తే బలమంతా మానుకే పోతుంది, చెట్టు తొందరగా లావెక్కుతుంది" అంటున్నారు. మా నాన్న కూడా అలాగే చేద్దామంటున్నారు. నాకేమో ఆకులన్నీ తీసేస్తే చెట్టు ఏం తిని పెరుగుతుందని అనుమానం.

ఇంకో విషయం. రెండెకరాలు ఎప్పటిలాగే నాలుగో ఏడు పేపర్ మిల్లుకు ఇచ్చేస్తాం. ఒక ఎకరంలో మాత్రం మంచి చెట్లను పదేళ్ల దాకా ఉంచి కలపకు అమ్ముదామని ఉంది. ఆ ఎకరానికి కొమ్మలు తీయడం అవసరమా? తీస్తే ఎంత, ఎప్పుడు?

అశ్వారావుపేట_జామాయిల్
శనివారం, రాత్రి 9:05

తమ్ముడూ, ముందు మిల్లుకు ఇచ్చే రెండెకరాల సంగతి తేల్చుకో. దానికి కొమ్మలు నరకనే వద్దు. మిల్లువాళ్లు టన్నుల లెక్కన కొంటారు, ముడులున్నాయా లేదా అని చూడరు. కూలీ ఖర్చు దండగ. చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే నీడకు కింది కొమ్మలు వాటంతట అవే ఎండి రాలతాయి. మా ఊళ్లో మొదటి నుంచీ జామాయిల్ వేసినవాళ్లెవరూ గుజ్జు కర్రకు కొమ్మలు కొట్టించరు. నడవడానికి దారి కోసం ఛాతీ ఎత్తు దాకా తీస్తారు, అంతే.

కందుకూరు_అక్క
శనివారం, రాత్రి 9:31

మా వైపు నరికేది మాను లావెక్కాలని కాదు తమ్ముడూ. జంట వరసలు వేసి మధ్యలో ఖాళీ వదులుతాం కదా, అందులో వేసిన మినుముకో మిర్చికో ఎండ తగలాలని తీస్తాం. కొమ్మలు వంటచెరకుకు పోతాయి, ఊళ్లో ఆడవాళ్లే వచ్చి కొట్టుకుపోతారు. ఇబ్బంది అక్కడే. వంటచెరకు కోసం వచ్చినవాళ్లు చెయ్యి అందినంత మేరా, నిచ్చెన ఉంటే ఇంకా పైదాకా కొడతారు. ఎక్కడ ఆపాలో చెప్పకుండా తోటలోకి పంపితే పైకుచ్చు ఒక్కటే మిగులుతుంది.

అసలు ఎంత తీస్తే చెట్టుకు దెబ్బ, ఎంత తీస్తే దెబ్బ లేదు? దీనికి లెక్క తెలిసినవాళ్లెవరైనా చెప్పండి.

లాన్సెస్టన్_తెలుగు
ఆదివారం, ఉదయం 6:15

నేను ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో తోటల్లోనే పనిచేస్తాను. కొమ్మలు తీసే టీముతో కొండల మీద తిరగడమే నా ఉద్యోగం. ఇక్కడి చెట్టు వేరు. దాన్ని నైటెన్స్ అంటారు, చలి తట్టుకునే యూకలిప్టస్. మన వైపు పెరిగేది మైసూర్ గమ్ జాతి, దాని సంకర రకాలు. కాబట్టి నేను చెప్పేది మీ నేలకు కొంచెం సర్దుకోవాలి. కానీ ఇక్కడ సరిగ్గా మీరడిగిన ప్రశ్న మీదే పరీక్షలు చేశారు.

1990ల్లో ఇక్కడి హోబార్ట్ నగరం కేంద్రంగా లిబ్బీ పింకార్డ్, క్రిస్ బీడిల్ అనే శాస్త్రవేత్తలు నైటెన్స్ తోటల్లో పచ్చ కొమ్మలను రకరకాల మోతాదుల్లో తీయించి, ఆ తర్వాత ఎదుగుదల కొలిచారు. పచ్చ గుబురు పొడవులో సగం తీసిన చెట్లకూ, అసలు ముట్టుకోని చెట్లకూ ఎత్తులోగాని లావులోగాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 70 శాతం తీసిన చెట్లు మాత్రం ఎత్తులోనూ లావులోనూ వెనకబడ్డాయి.

ఇప్పుడు మీ పక్కవాళ్ల తోట లెక్క వేద్దాం. చెట్టు 20 అడుగులు, కింద మూడడుగులు ఎప్పుడో ఎండిపోయింది. అంటే పచ్చ గుబురు 17 అడుగులు. అందులో 12 అడుగులు తీసేశారు. అది 70 శాతం. ఇక్కడ దెబ్బ తగిలిందని తేలిన మోతాదు సరిగ్గా అదే.

సగం తీయడమంటే చెట్టు ఎత్తులో సగం కాదు, పచ్చగా ఉన్న భాగంలో సగం. కొత్తగా టీములో చేరినవాళ్లకు మేం మొదట నేర్పేది ఇదే. ఎండిన కొమ్మలను లెక్కలోకి తీసుకోకూడదు. పచ్చ ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి కొనదాకా కొలవాలి.

అటవీ_విద్యార్థిని_ములుగు
ఆదివారం, ఉదయం 9:50

లాన్సెస్టన్ గారు చెప్పినదానికి కారణం కూడా కలుపుతాను. వరసల మధ్య కొమ్మలు కలిశాక కింది ఆకులు నీడలో పడతాయి. నీడలో ఉన్న ఆకు చేసే ఆహారంలో ఎక్కువ భాగం తన కొమ్మను పోషించుకోవడానికే సరిపోతుంది, మానుకు పంపేది తక్కువ. చెట్టును నిజంగా పెంచేది ఎండ తగిలే పై సగం. కింది సగం తీసేస్తే పెద్దగా నష్టం కనపడకపోవడానికి ఒక కారణం అది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. కొన్ని ఆకులు పోగానే మిగిలిన ఆకులు ఇంతకు ముందుకన్నా ఎక్కువ పనిచేస్తాయి. టాస్మేనియాలో దీన్ని కూడా కొలిచారు, కొమ్మలు తీసిన చెట్లలో మిగిలిన ఆకుల కిరణజన్య సంయోగక్రియ రేటు పెరిగింది. పైన కొత్త ఆకులు కూడా తొందరగా వస్తాయి. కానీ ఈ సర్దుబాటుకు హద్దు ఉంది. 70 శాతం పోతే మిగిలిన కాస్త ఆకులు ఎంత కష్టపడినా పూడ్చలేవు.

అందుకే కొమ్మలు కలవకముందు తీయకూడదు. అప్పుడు కింది ఆకులకు కూడా పూర్తి ఎండ తగులుతుంటుంది, అవి కూడా సంపాదిస్తుంటాయి. మీ తోటలో వరసల మధ్య కొమ్మలు ఇప్పుడే కలుస్తున్నాయన్నారు. సమయం అదే.

"బలమంతా మానుకే పోతుంది" అన్న మాటలో పొరపాటు ఇక్కడుంది. వేరు నుంచి వచ్చేది నీళ్లు, లవణాలు. బలం తయారయ్యేది ఆకులో. ఆకు తీసేస్తే బలం ఎటూ మళ్లదు, అసలు తయారే కాదు.

సత్తుపల్లి_రైతు
ఆదివారం, మధ్యాహ్నం 1:20

ఈ వివరణ మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన వెంటనే ఒక ప్రశ్న వేశారు. "ఎదుగుదల తగ్గకపోతే సరే, పెరగదు కూడా కదా. మరి తీయడం దేనికి?"

పీలింగ్_యూనిట్_రాజానగరం
ఆదివారం, సాయంత్రం 4:45

పెద్దాయన సరైన ప్రశ్న వేశారు. జవాబు నేను చెప్తాను, ఎందుకంటే మీ కర్ర చివరికి వచ్చేది మా లాంటివాళ్ల దగ్గరికే.

కొమ్మ ఉన్నచోట ముడి పడుతుంది. దుంగను పీలింగ్ మిషన్ మీద తిప్పి పలచటి పొరలా తీసేటప్పుడు ముడి దగ్గర పొర చిరుగుతుంది, లేదా ఎండాక ముడి ఊడి చిల్లు పడుతుంది. అలాంటి పొర ప్లైవుడ్ లోపలి వరసకు పోతుంది, పైన వేసే ముఖం పొరకు పనికిరాదు. కోత మిల్లులో పలకలు తీసినా అంతే. ముడి లేని కలపకే ధర.

ఇప్పుడు ఒక లెక్క. చెట్టు మాను అడ్డంగా (చుట్టుకొలత కాదు) 10 సెంటీమీటర్ల లావు ఉన్నప్పుడు కొమ్మలు తీశారనుకోండి. ఆ 10 సెంటీమీటర్లలో ముడులు ఉండిపోతాయి, ఆ తర్వాత గాయం మాని పైన పట్టేదంతా శుభ్రమైన కలప. నాలుగేళ్లకు 15 సెంటీమీటర్ల దగ్గర నరికేస్తే, అడ్డకోత వైశాల్యంలో 44 శాతం ముడుల భాగమే. గాయం మానడానికి పట్టిన మందం కూడా తీసేస్తే మిగిలేది పలచటి పొర. అదే చెట్టును 30 సెంటీమీటర్లకు పెంచితే ముడుల భాగం 11 శాతం, మిగతా 89 శాతం శుభ్రం. అశ్వారావుపేట అన్న గుజ్జు కర్రకు వద్దన్నది అందుకే సరైన మాట. నాలుగేళ్లలో నరికే చెట్టుకు ఈ ఖర్చు తిరిగి రాదు. పదేళ్లు ఆగేవాళ్లకే ఇది.

ఇంకో మాట. ఎత్తు కూడా కొలత చూసుకుని తీయండి. ప్లైవుడ్ షీటు 8 అడుగులు × 4 అడుగులు. దుంగలను ఆ కొలతకు కాస్త అదనం కలిపి కోస్తాం. మొదలు వదిలి రెండు ఎనిమిదడుగుల దుంగలు శుభ్రంగా రావాలంటే దాదాపు 18 అడుగుల దాకా కొమ్మలు తీయాలి. 13 అడుగుల దగ్గర ఆపేస్తే రెండో దుంగలో సగం ముడులే ఉంటాయి, దానికి ధర కట్టలేం.

సత్తుపల్లి_రైతు
ఆదివారం, సాయంత్రం 6:10

18 అడుగులు కావాలంటే చెట్టే 20 అడుగులుంది కదండీ. ఎలా?

లాన్సెస్టన్_తెలుగు
ఆదివారం, రాత్రి 7:30

ఒకేసారి తీయకూడదు. ఇక్కడ 6.4 మీటర్ల దాకా, అంటే సుమారు 21 అడుగుల దాకా శుభ్రం చేస్తాం. కానీ మూడు విడతల్లో. మొదటి విడత 2.7 మీటర్ల దాకా, తర్వాత 4.5, ఆ తర్వాత 6.4. ప్రతి విడతకూ మధ్య చెట్టు పైన కొత్త గుబురు కట్టుకునే దాకా ఆగుతాం.

మీ తోటకు అన్వయిస్తే ఇలా ఉంటుంది. ఇప్పుడు పచ్చ గుబురు 17 అడుగులు. ఇక్కడి లెక్క ప్రకారం సగం, అంటే ఎనిమిదిన్నర అడుగులు తీయొచ్చు. కానీ ఇక్కడ వానలు బాగా పడతాయి, ఎండలు తక్కువ. మీ దగ్గర చెట్టుకు వేసవి ఒక పరీక్ష. జాతి కూడా వేరు. నేనైతే 40 శాతం దగ్గర ఆపుతాను. అంటే ఏడడుగులు. నేల నుంచి పదడుగుల దాకా శుభ్రం అవుతుంది. పైన పదడుగుల పచ్చ గుబురు నిలుస్తుంది.

తర్వాత చెట్టు 30 అడుగులు దాటాక మళ్లీ కొలవండి. అప్పటికి పచ్చ 12 అడుగుల దగ్గర మొదలవుతోందనుకుంటే గుబురు 18 అడుగులు. అందులో 40 శాతం అంటే ఏడడుగుల పైచిలుకు. 19 అడుగుల దాకా వెళ్లొచ్చు. అంటే మీకు రెండు విడతలు చాలు.

క్యాలెండరు చూసి విడతలు వేయకండి. చెట్టును చూసి వేయండి. ఒక ఏడు వానలు లేక గుబురు పలచగా ఉంటే ఆ ఏడు ఆగిపోవడమే మంచిది.

కందుకూరు_అక్క
ఆదివారం, రాత్రి 8:02

వాన విషయం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఏ నెలలో తీయాలి? మా దగ్గర పనిలేని రోజులని ఏప్రిల్, మే నెలల్లో కొడతారు.

అటవీ_విద్యార్థిని_ములుగు
ఆదివారం, రాత్రి 8:40

నడివేసవి వద్దు అక్కా. చెట్టు అప్పటికే నీటి కరువులో ఉంటుంది, కొత్త ఆకు వేసే శక్తి ఉండదు. నీడలో ఉన్న కాండానికి ఒక్కసారిగా ఎండ తగలడం ఇంకో బాధ. తొలకరి పడి నేల తడిశాక చెట్టు పెరుగుదల అందుకుంటుంది. అప్పుడు తీస్తే గాయం తొందరగా మానుతుంది, పోయిన ఆకును చెట్టు తొందరగా పూడ్చుకుంటుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం కోయకండి, పచ్చిగాయం మీద తడి నిలిస్తే శిలీంధ్రం పడుతుంది. రెండు వానల మధ్య పొడిగా ఉన్న రోజులు చూసుకోండి.

లాన్సెస్టన్_తెలుగు
ఆదివారం, రాత్రి 9:15

పురుగు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ వేసవిలో ఒక రకం ఆకు పెంకు పురుగు పైగుబురులోని లేత ఆకులను తినేస్తుంది. పైన పురుగు తిని, కింద మనం కోస్తే చెట్టుకు మిగిలేదేమీ ఉండదు. అందుకని పురుగు తిన్న తోటకు ఆ ఏడు రంపం పెట్టం.

అశ్వారావుపేట_జామాయిల్
ఆదివారం, రాత్రి 9:40

మన దగ్గర దానికి బదులు బుడిపెల పురుగు ఉంది. ఆకు ఈనెల మీద, కాడల మీద బుడిపెలు వచ్చి కొనలు ముడుచుకుపోతాయి. పది పదిహేనేళ్ల కిందట మా తోటల్ని బాగా ఇబ్బంది పెట్టింది. తర్వాత తట్టుకునే క్లోన్లు ఎంచుకుని వేసుకున్నాం. అది లేత చివుళ్ల మీదే గుడ్లు పెడుతుంది. కొమ్మలు విపరీతంగా కొట్టిన చెట్టు ఎక్కడ పడితే అక్కడ చివుళ్లు వేస్తుంది, అంటే పురుగుకు విందు పెట్టినట్టే. తమ్ముడూ, నీ ఎకరంలో బుడిపెలు కనిపించిన చెట్లుంటే వాటిని కలపకు ఎంచకు.

సత్తుపల్లి_రైతు
సోమవారం, ఉదయం 7:00

ఎంచడం అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఎకరంలో చెట్లన్నింటికీ తీయాలా?

లాన్సెస్టన్_తెలుగు
సోమవారం, ఉదయం 7:45

వద్దు. 3 × 2 మీటర్ల దూరం అంటే ఎకరానికి దాదాపు 670 చెట్లు. అన్నీ పదేళ్లు ఉంటే ఏదీ 30 సెంటీమీటర్లకు చేరదు. ఇక్కడ హెక్టారుకు 300 అటూ ఇటూగా ఎంచి వాటికే కొమ్మలు తీస్తాం, అంటే ఎకరానికి 120 చెట్ల దగ్గర. మీరు మొదట 150 దాకా గుర్తు పెట్టుకోండి, గాలికో రోగానికో కొన్ని పోతాయి. మాను నిటారుగా ఉండాలి, కొన ఒక్కటే ఉండాలి, చుట్టుపక్కల చెట్ల కన్నా ఎత్తుగా, లావుగా ఉండాలి. మానుకు రంగు గీత పెట్టించండి, కూలీలకు అనుమానం ఉండదు.

ఎత్తైన చెట్టునే ఎంచమనడానికి కారణం ఉంది. కొమ్మలు తీసిన చెట్టు పక్కన తీయని చెట్లు ఉంటాయి. వాటికి ఆకులు పూర్తిగా ఉంటాయి కాబట్టి కొద్దికాలం పరుగు వాటిదే. మధ్యరకం చెట్టుకు తీస్తే పక్కవి దాన్ని మించిపోయి నీడ కప్పేస్తాయి. అప్పుడు మీరు 40 శాతమే తీసినా ఎదుగుదల పడిపోతుంది, కారణం కోత కాదు, పోటీ. ముందున్న చెట్టుకైతే ఆ నష్టం తట్టుకునే సత్తువ ఉంటుంది. ఎంచిన చెట్టును మరీ నొక్కుతున్న పక్క చెట్టు ఉంటే దాన్ని ముందే నరికేయడం మేలు.

అశ్వారావుపేట_జామాయిల్
సోమవారం, ఉదయం 8:20

దీనికి నా అనుభవం కలుపుతాను. నాలుగో ఏడు మిగతా 500 చెట్లు మిల్లుకు కొడతావు కదా. ఆ మోళ్ల నుంచి పిలకలు గుంపుగా లేస్తాయి. మామూలు తోటలో అవి రెండో పంట. మోడుకు ఒకటో రెండో బలమైన పిలకలు ఉంచి మిగతావి విరిచేస్తే సరిపోతుంది. ఈ ఎకరంలో మాత్రం అవి నువ్వు ఉంచుకున్న పెద్ద చెట్లతో నీటికి పోటీ పడతాయి. ఎంచిన చెట్టు పక్కనున్న మోళ్ల మీద పిలకలు లేతగా ఉన్నప్పుడే విరిచేయించు. ఒకసారితో పోదు, మళ్లీ వస్తాయి, మళ్లీ విరిచేయాలి. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకో.

సత్తుపల్లి_రైతు
సోమవారం, రాత్రి 8:15

కూలీలు మచ్చుకత్తితో కొడతామంటున్నారు. రంపం అయితే ఆలస్యమట, కూలీ ఎక్కువ అడుగుతున్నారు.

పీలింగ్_యూనిట్_రాజానగరం
సోమవారం, రాత్రి 8:50

దయచేసి కత్తి వద్దు. కత్తి దెబ్బకు మాను తొక్క చీలుతుంది, లేదా కొమ్మ మొండి చీలికలుగా మిగులుతుంది. జామాయిల్ గాయానికి ఎర్రటి జిగురు కారుస్తుంది. ఆ జిగురు కలప పొరల్లో తిత్తిలా ఉండిపోతుంది. పీలింగ్‌లో ఎర్ర గీతలుగా వస్తుంది, పొర అక్కడే విడిపోతుంది. 150 చెట్లే కదా, రంపం కూలీ ఎక్కువైనా భరించండి.

లాన్సెస్టన్_తెలుగు
సోమవారం, రాత్రి 9:20

కొమ్మ మానును కలిసేచోట చిన్న ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉబ్బుకు కాస్త బయట పడాలి. ఉబ్బును కోస్తే గాయం పెద్దదై మానడం ఆలస్యమవుతుంది. మరీ దూరంగా కోస్తే మిగిలిన మొండి ఎండిపోయి, మాను దాని చుట్టూ పెరిగి, ముడి లోపలే ఉండిపోతుంది. కుళ్లు కూడా ఆ మొండి దారినే లోపలికి పోతుంది. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే విరిగిపడేటప్పుడు తొక్కను కిందిదాకా లాగేస్తుంది.

కొమ్మ సన్నగా ఉన్నప్పుడే తీయాలి. రెండు, రెండున్నర సెంటీమీటర్ల లావు దాటిన కొమ్మల గాయాల్లో కుళ్లు చేరే అవకాశం బాగా ఎక్కువ. మూడు సెంటీమీటర్ల లావు దాటిన కొమ్మలు చాలా ఉన్న చెట్టును మేం ఎంచనే ఎంచం. పచ్చికొమ్మ గాయం తొందరగా మూసుకుంటుంది, ఎండిన కొమ్మది మూసుకోవడం ఆలస్యమవుతుంది. "ఎండాక తీద్దాంలే, అప్పుడు ఎదుగుదలకు నష్టం ఉండదు" అని ఆగకూడదు. ఎదుగుదలకు నష్టం ఉండదు, కలపకు ఉంటుంది.

కందుకూరు_అక్క
మంగళవారం, ఉదయం 6:30

కోసిన కొమ్మలు తోటలోనే వదలాలా, బయటికి మోయించాలా?

అటవీ_విద్యార్థిని_ములుగు
మంగళవారం, ఉదయం 7:10

ఆకు, సన్న రెమ్మలు వరసల మధ్యే వదిలేయండి అక్కా. చెట్టు తీసుకున్న పోషకాల్లో చాలా భాగం ఆకుల్లోనే ఉంటుంది, అది నేలకే చేరాలి. లావు కొమ్మలు వంటచెరకుకు ఇచ్చేయండి. మాను మొదట్లో మాత్రం పోగు పెట్టకండి. ఈ ఆకులో నూనె ఉంటుంది, వేసవిలో నిప్పు పడితే చెట్ల మొదళ్లు కాలిపోతాయి.

సత్తుపల్లి రైతు గారూ, మీకో విన్నపం. ఎంచిన చెట్లలో ఒక వరసకు కొమ్మలు తీయకుండా వదిలేయండి. తీసిన వరస, తీయని వరస రెండింటికీ ఛాతీ ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర టేపు చుట్టి లావు రాసిపెట్టుకోండి. కొలిచిన చోట రంగు చుక్క పెడితే మళ్లీ అక్కడే కొలవొచ్చు. ఆరు నెలలకొకసారి కొలిస్తే 40 శాతం మీ నేలకు సరిపోయిందో లేదో మీ తోటే చెప్తుంది. కుదిరితే మీ పక్కవాళ్ల తోటలో కూడా కొన్ని చెట్లు కొలవండి. మన జిల్లాల్లో రైతు పొలంలో కొలిచిన అంకెలు మాకు చాలా విలువైనవి.

సత్తుపల్లి_రైతు
మంగళవారం, రాత్రి 9:00

తప్పకుండా కొలుస్తాను. మిల్లు రెండెకరాలు ముట్టుకోను. మూడో ఎకరంలో 150 చెట్లకు గీతలు పెట్టించి, తొలకరి తర్వాత పదడుగుల దాకా రంపంతో తీయిస్తాం. నాన్న కూడా ఒప్పుకున్నారు. పదడుగులు కొలిచిన వెదురు కర్ర ఒకటి కూలీలకు ఇచ్చి, దాని కొన దాటకూడదని చెప్తానన్నారు.

ఒక్కటి మిగిలింది. కొన్ని చెట్లకు పైన రెండు కొనలు వచ్చాయి. మిగతా అంతా బాగుంది. వాటిని ఎంచొచ్చా?

లాన్సెస్టన్_తెలుగు
బుధవారం, ఉదయం 6:05

వెదురు కర్ర ఆలోచన బాగుంది, మేం కూడా కొలత కర్రలే వాడతాం. కానీ పొట్టి చెట్లకు పదడుగులు ఎక్కువవుతుంది. 15 అడుగులే ఉన్న చెట్టుకు పదడుగుల దాకా తీస్తే సగం దాటిపోతుంది. అలాంటివి గీత పెట్టేటప్పుడే వదిలేయండి.

రెండు కొనల చెట్టు అయితే, చీలిక 18 అడుగుల పైన ఉంటే పట్టించుకోకండి, మీ దుంగ దాని కిందే అయిపోతుంది. చీలిక కింద ఉండి, రెండో కొన ఇంకా వేలి లావే ఉంటే ఇప్పుడే తీసేయండి. అది తీసినప్పుడు పోయే ఆకును కూడా 40 శాతంలో కలిపి లెక్కేసుకుని, కింద ఆ మేరకు తక్కువ కోయండి. రెండూ సమానంగా లావెక్కి ఉంటే ఆ చెట్టు మిల్లుకే.